సాంబ్రాణి సాయిబు పూసలో చీమ

ఆయన పోయాడన్న కబురు వచ్చేసరికి నేను కొట్లో కూర్చుని గుగ్గిలం ఏరుతున్నాను. చేట నిండా పసుప్పచ్చ గడ్డలు. ఒకదాని లోపల రెక్కలు విప్పుకుని అలాగే ఉండిపోయిన చిన్న ఈగ కనిపించింది. చెయ్యి దానంతట అదే ఆ ముక్కను తీసి డబ్బా మూతలో వేసింది. తీసుకునే మనిషి ఇక లేడన్నది ఆ తర్వాత తోచింది.

నాకు ఏడుపు అంత సులువుగా రాదు. రాయడం కూడా రాదు, అయిదో తరగతితో బడి మాన్పించారు. అయినా మనవరాలు వాడి పారేసిన నోటుపుస్తకంలో మిగిలిన కాగితాల మీద ఇది రాస్తున్నాను. ఎందుకంటే మా బజారులో ఇప్పటికీ ఆయన్ని "కోతల సాయిబు" అనేవాళ్లు ఉన్నారు. అది తప్పు. ఆ తప్పు ఎలా తేలిందో కళ్లారా చూసినదాన్ని నేను. చెప్పకుండా ఊరుకుంటే నాదీ తప్పే.

జగ్గయ్యపేటలో మాది పూజసామాను కొట్టు. గుగ్గిలమంటే ఏముంది, చెట్టు కార్చిన జిగురు, ఎండి గట్టిపడినది. కారేటప్పుడు ఏ చీమో ఈగో అందులో ఇరుక్కుంటే లోపలే ఉండిపోతుంది. వ్యాపారంలో అది మురికి సరుకు. దేవుడి ముందు పురుగును కాల్చకూడదని మా అత్తగారి కాలం నుంచీ నియమం. అందుకని ఏరి పక్కన పెడతాం.

ఆయన గురు, శుక్రవారాలు బజారంతా సాంబ్రాణి పొగ వేసేవాడు. కొట్టు తలుపులు తీయగానే ముందు ఆయన పొగ, తర్వాతే బేరం. మా వీధిలో కోమట్ల కొట్లన్నిటికీ ఆ అలవాటు. సన్నటి మనిషి, మసిబారిన తెల్ల లాల్చీ, తలకు ఆకుపచ్చ గుడ్డ. నిప్పులు పాత పాలపొడి డబ్బాలో ఉండేవి, దానికి కట్టింది సైకిలు గొలుసు. విసరడానికి నెమలీకల కట్ట కాదు, పాత ఎక్స్‌రే ఫిల్ము.

"ఆ ఎముకలెవరివి సాయిబూ?" అని మొదటిసారి అడిగాను.

"నావేనమ్మా. నా లోపల ఏముందో బజారంతా చూసేసింది. ఇంక నా దగ్గర దాపరికమేముంది?"

ఏదీ పారెయ్యని మనిషి అని అప్పుడే ఒక మార్కు వేశాను. రెండో మార్కు వెయ్యడానికి చాలాకాలం పట్టింది. ఎందుకంటే ఆయన పొగ వేసే పని తిన్నగా చేసేవాడు కాదు. గడపలో చీమల బారు కనిపిస్తే ఆగిపోయేవాడు. ఆఖరి చీమ గడప దాటేదాకా డబ్బా పక్కకు పట్టుకుని నుంచునేవాడు. ఇటు నా బేరం ఆగిపోయేది.

"కానీ సాయిబూ, దాటు. చీమలకు దారివ్వడానికా నిన్ను పిలిచింది?"

"ముందు వాళ్లమ్మా, తర్వాత మనం. వాళ్లొచ్చి కోట్ల ఏళ్లయింది. మనం మొన్నేగా వచ్చాం."

ఒకసారి ఇంటికని తెప్పించి కొట్లో పెట్టిన కందిపప్పు బస్తా వెనక నుంచి బొద్దింక వచ్చింది. నేను చెప్పు తీశాను. ఆయన గబుక్కున ఎక్స్‌రే అడ్డం పెట్టాడు.

"పెద్దవాళ్ల మీద చెప్పెత్తకండమ్మా. మనుషులు పుట్టకముందు నుంచీ తిరుగుతున్నాడాయన."

"అంత పెద్దవాడైతే నా కందిపప్పు జోలికి రావద్దని నువ్వే చెప్పు."

ఆయన నిజంగానే వంగి, బొద్దింకను ఎక్స్‌రే మీదకు ఎక్కించుకుని, "విన్నారుగా, అమ్మగారికి కోపం వచ్చింది, పదండి" అంటూ మురుగ్గాలువ దాకా తీసుకెళ్లి దింపి వచ్చాడు. కొట్లో కూర్చున్న వాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు. బేరం చెడుతుందని.

మెడలో నల్లదారానికి ఒక కంటి అద్దం వేలాడుతుండేది, గడియారాలు బాగుచేసేవాళ్లు కంట్లో పెట్టుకునేలాంటిది. మేం పక్కన పెట్టిన పురుగు గుగ్గిలం అడిగి తీసుకుని, ఎండలోకి వెళ్లి, అద్దంతో ఒక్కొక్క ముక్కా చూసేవాడు. ఉత్తినే వస్తుందని ఏరుకుంటున్నాడు, ఎక్కడో అమ్ముకుంటాడు అనుకున్నాను. ఒకరోజు అడిగేశాను. ఆయన లాల్చీ లోపలి జేబులోంచి తస్బీ తీశాడు. తస్బీ అంటే వాళ్లు జపం చేసుకునే పూసల దండ. వాళ్ల తాత హజ్‌కు వెళ్లి తెచ్చాడట. పూసలన్నీ తేనె రంగు. ఒక పూసలో ఎర్రగా ఒక చీమ ఉంది. చివర్లో ఒకటి సగం పగిలిపోయి నున్నదనం లేకుండా ఉంది, దాన్లో దోమలాంటిది.

"ఇదీ మీ గుగ్గిలం లాంటిదేనమ్మా. అయితే మీది నిన్నమొన్నటిది. ఇది భూమిలో కోట్ల ఏళ్లుండి రాయిలా అయింది. అంబర్ అంటారు. జిరాక్సు కొట్టు కుర్రాడి చేత ఫోన్లో చదివించుకున్నా. ఈ చీమ బతికున్న రోజుల్లో మనిషన్నవాడు లేడు."

పూసను లాల్చీకి గట్టిగా రుద్ది ఉల్లిపొర మీద పెట్టాడు. పొర లేచి పూసకు అంటుకుంది. మా మనవరాలు చప్పట్లు కొట్టింది. అది నందిగామలో ఉంటుంది, మా అమ్మాయి కూతురు. సెలవులకు నా దగ్గరకు వస్తుంది. ఇక ఆ సెలవులన్నీ దానికి సాయిబే లోకం.

ఆయన అందరికీ చూపించేవాడు, అదే ఆయన పొరపాటు. బజారు ఊరుకుంటుందా?

"ఏం సాయిబూ, ఇవాళ్టికి మీ చీమకెన్నేళ్లు?" అని బట్టల కొట్టాయన రోజూ.

"నిన్నటికన్నా ఒక రోజెక్కువండి."

నవ్వుతూనే చెప్పేవాడు. కానీ మా కొట్టు గడప మీదకొచ్చాక ఒకసారి మెల్లిగా అన్నాడు. "అమ్మా, నమ్మినా నమ్మకపోయినా చీమకేం కాదు. కానీ నేను అబద్ధాలకోరునని నా మనవలకు చెబుతున్నారు. చదువుకున్నవాళ్లు ఒక్కరు, ఒక్కరు చూసి నిజమేనంటే చాలు. అంతకుమించి నాకేం వద్దు."

ఇక నేను చేసిన పని చెప్పాలి.

ఆ వేసవిలో తస్బీ దారం తెగింది. గట్టి దారం అడిగాడు. మూటలకు వచ్చిన పురికొసలు, దారాలు నేను ఉండ చుట్టి దాస్తాను, ఉందన్నాను. ఆయన పూసల్ని కాగితంలో పొట్లం కట్టి, ఆ పగిలిన దోమ పూసను మాత్రం పొట్లంలో నలుగుతుందని గుగ్గిలం డబ్బా మూతలో పెట్టి, వెనక గదిలో పొగ వెయ్యడానికి వెళ్లాడు. నేను దారం తెచ్చేసరికి మూతలో పురుగున్న పసుప్పచ్చ ముక్క కనిపించింది. ఆ మూతలో నేను వేసేవే అవి. పైగా ఆ రోజే కొత్త సరుకు దిగింది. కొత్త సరుకు వచ్చినప్పుడు ఒక ముక్క నిప్పు మీద వేసి వాసన చూస్తాం. మంచి ముక్క దండగ చెయ్యడం ఎందుకని నేనెప్పుడూ పురుగు ముక్కతోనే చూస్తాను. కళ్లజోడు పెట్టుకోలేదు. తీసి కొట్లో కుంపటి నిప్పుల మీద వేశాను.

పొగ లేచింది. అది గుగ్గిలం వాసన కాదు. కర్ర మిల్లులో కొత్తగా కోసిన దేవదారు పక్కన నిమ్మతొక్క నలిపినట్టుంది. ఇన్నేళ్లలో నా ముక్కు ఎరగని వాసన.

ఆయన వెనక గది గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు. మూత వంక చూశాడు. నిప్పుల వంక చూశాడు. నాకు అర్థమైంది. చేతిలో దారం ఉండ అలాగే ఉంది.

ఆయన మా కొట్లో ఎప్పుడూ కూర్చోలేదు. ఆ రోజు కూర్చున్నాడు, నేల మీద, కుంపటి పక్కన. తిడతాడనుకున్నాను. తిట్టినా పడాల్సిందే. ఆయన ముఖం పొగ మీదకు వంచి, కళ్లు మూసుకుని, గుండె నిండా పీల్చాడు.

"రండమ్మా. మీరూ పీల్చండి. పాపను పిలవండి. దండగ చెయ్యకండి, మళ్లీ దొరకదు. ఇది మనిషి లేనప్పటి అడివి వాసన."

ముగ్గురం ఆ కుంపటి చుట్టూ కూర్చుని, పొగ అయిపోయేదాకా పీల్చాం. బయట ఎవరో కర్పూరం కోసం పిలిచారు. నేను లేవలేదు. బేరం పోయినా లేవకపోవడం నా జన్మలో అదొక్కసారే.

"ఏ నవాబు ఇంట్లోనూ ఇలాంటి సాంబ్రాణి వేసుండరు. మీ కొట్లో వేశాం" అని లేచాడు. నా ముఖం చూసి, "పోయింది దోమేగా అమ్మా. చీమ ఉందిగా" అన్నాడు.

ఆ రోజు నుంచి నేను ఆయన్ని సాయిబు గారూ అని పిలిచాను.

మరుసటి ఏడు మనవరాలి బడిలో సైన్సు ఎగ్జిబిషన్ పెట్టారు. అదప్పుడు తొమ్మిదో తరగతి. "అమ్మమ్మా, సాయిబు తాత చీమను పెడతా" అంది. ఆయన్ని అడిగితే పూసను తెస్తానన్నాడు, అంతటితో ఆగలేదు. ఆయన చెప్పేదేమిటంటే, పూసలో ఉన్నది మామిడి తోటల్లో ఆకులు కలిపి కుట్టి గూడు కట్టుకునే ఎర్రచీమకు పూర్వీకుల వరస అని. దానికోసం జి.కొండూరు మామిడి తోటల్లో రెండు రోజులు చెట్ల కింద వెల్లకిలా పడుకుని కంట్లో అద్దం పెట్టుకుని చూశాడట. చేతులూ మెడా దద్దుర్లతో వచ్చాడు.

"కుట్టాయా?"

"కుట్టవా మరి? వాళ్ల తాత తాతను జేబులో వేసుకుని తిరుగుతున్నాగా."

ఎగ్జిబిషన్ రోజున ఇద్దరం నందిగామ బస్సెక్కాం. ఆయన ఉతికిన లాల్చీ వేసుకున్నాడు. ఒళ్లో పెద్ద సీసా, దాన్లో మామిడి రెమ్మ, ఆకులు కుట్టిన గూడు, మూతికి పల్చటి గుడ్డ. కండక్టరు చూసి "ఏంటి తాతా అది, లగేజీనా?" అన్నాడు. "ప్యాసింజర్లయ్యా. రెండొందల మంది ఉంటారు. టిక్కెట్లు కొడతావా?" అన్నాడీయన. బస్సంతా ఒకటే నవ్వు. ఆయన చెయ్యి మాత్రం లోపలి జేబు మీద నుంచి తియ్యలేదు.

మనవరాలి బల్ల మీద ఒక పక్క పూస, ఒక పక్క సీసా. వెనక అట్ట మీద అది అందంగా రాసింది, ఉత్తరాన చలిదేశాల సముద్రపొడ్డున దొరికే అంబర్ అని. పూసలమ్మినవాడు తాతకు చెప్పిన మాట అది, తాత ఈయనకు చెప్పాడు.

మార్కులు వెయ్యడానికి ఇద్దరు వచ్చారు. వేరే బడి సైన్సు మాస్టారొకరు, మామిడి తోటల పురుగుల మీద పనిచేసే వ్యవసాయశాఖ మేడం ఒకరు. మేడం పక్క బల్ల దగ్గర ఆగిపోయింది. మాస్టారు ముందు వచ్చాడు.

సాయిబు గారు పూసను రుద్ది కాగితం ముక్కల మీద పెట్టాడు. అంటుకున్నాయి.

"నా దువ్వెన కూడా లాగుతుంది తాతా" అన్నాడు మాస్టారు. "అది ప్లాస్టిక్ చేసే పని."

పిల్లలు నవ్వారు. మాస్టారు అట్ట చదివాడు. "ఇది మామిడి తోటల చీమ అంటున్నారు. చలిదేశంలో దొరికిందంటున్నారు. మంచు కురిసేచోట ఈ చీమ ఎలా బతుకుతుంది? ఇక్కడి చీమను ఎవడో ప్లాస్టిక్‌లో పోసి మీ తాతకు అంటగట్టాడు. పాపం, మీరూ నమ్మి ఇన్నేళ్లు అందరికీ చెప్పుకుంటూ తిరిగారు."

మంచి ప్రశ్నే అడిగాడు, కాదనను. బట్టల కొట్టాయనకు రోజూ బదులు చెప్పిన మనిషి, కండక్టరుకు చెప్పిన మనిషి, పిల్లల ముందు తల దించుకున్నాడు. పూసను తీసి జేబులో పెట్టుకోబోయాడు.

"ఆగండి సాయిబు గారూ" అన్నాను. మాస్టారుతో చెప్పాను. "బాబూ, ఇలాంటి పూస ఇంకోటుండేది. దాన్ని నేను తగలేశాను."

అంతా నా వంక తిరిగారు. మా అమ్మాయి కూడా అక్కడే ఉంది. దానికి అప్పటిదాకా ఆ సంగతి తెలియదు. నా తప్పు నలుగురిలో ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. అయినా మొత్తం చెప్పాను, డబ్బా మూత దగ్గర నుంచి.

"ప్లాస్టిక్ కాలితే ఎలా ఉంటుందో మా కొట్టు ముందు చెత్త తగలబెట్టినప్పుడల్లా పీలుస్తున్నా. అది ప్లాస్టిక్ కాదు. గుగ్గిలమూ కాదు. ఈ ముక్కుతోనే నేనింతకాలం వ్యాపారం చేశాను."

"పెద్దమ్మగారూ, సైన్సులో ముక్కు సాక్ష్యం చెల్లదండి."

"చెల్లకపోవచ్చు సార్" అంది వెనక నుంచి మేడం. "కానీ ఒకసారి చూడ్డానికి ఆ మాట చాలు. ఏదీ తాతగారూ, ఆ పూస ఇలా ఇవ్వండి. ఆ అద్దం కూడా."

కిటికీ దగ్గరకు వెళ్లింది. అద్దం కంట్లో పెట్టుకుని పూసను తిప్పుతూ చూసింది. సీసా దగ్గరకొచ్చి బతికున్న చీమల్ని చూసింది. మళ్లీ కిటికీ దగ్గరకు వెళ్లింది.

"తాతగారూ, చీమ పక్కన నక్షత్రాల్లాగా సన్నటి నూగుంది. చూశారా?"

"చూశా మేడం. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. చుక్కచుక్కలుగా ఉంటాయి."

"మరి దాని గురించి ఈ అట్ట మీద ఏం రాయలేదే?"

"అవేంటో నాకు తెలియదు మేడం. తెలియంది ఎవరికీ చెప్పలేదు."

మేడం అద్దం కంట్లోంచి తీసింది. "సార్, మీరూ వినండి. అది ఒకరకం చెట్టు మొగ్గల మీద ఉండే నూగు. ఆ చలిదేశాల అంబర్‌లో ఎక్కువగా కనిపిస్తుంది. దొంగ పూస చేసేవాడు చీమను వేస్తాడు గానీ, కంటికి ఆనని ఈ నూగును ఎందుకు వేస్తాడు? ఎవరికి చూపించడానికి? నేను చూసినంతలో ఇది అసలుదే."

"మరి మంచు?" అన్నాడు మాస్టారు.

"అప్పుడు అక్కడ మంచు లేదు సార్. వెచ్చటి అడవులు. ఆకులు కుట్టే చీమల జాతి ఆ అంబర్‌లో దొరికింది, పుస్తకాల్లో ఉంది. చలి వచ్చాక అక్కడివి పోయాయి. మన తోటల్లో వాటి చుట్టాలు మిగిలాయి. మీరు తప్పని చూపించారే, అదే ఈ పూస గొప్పతనం." ఆయన వైపు తిరిగింది. "నడుం చూసి పోల్చారా తాతగారూ?"

"అవును మేడం. నడుం దగ్గర పొడుగాటి ముడి, పొడుగు కాళ్లు. అక్కడ పడుకుని చూశా" అని దద్దుర్లున్న చేతులు చాపాడు, బడిపిల్లాడు రాసిన లెక్క చూపించినట్టు.

"నేను పట్టా తీసుకుని ఇదే పని చేస్తున్నానండి" అంది ఆమె. "మీరు సరిగ్గా చూశారు."

ఆ మాటతో ఆయన వెన్ను నిటారుగా లేచింది. అంత పొడుగు మనిషని నాకు అప్పటిదాకా తెలియదు. ఎప్పుడూ నిప్పుల డబ్బా మీదకు వంగి ఉండగానే చూశాను మరి.

హెడ్మాస్టరు తన గదిలోంచి కుర్చీ తెప్పించి వేయించారు. ఆయన కూర్చున్నాడు. పిల్లలు బారు తీరారు, గది దాటి వరండా దాకా. ఒక్కొక్కళ్లకూ అద్దం కంట్లో పెట్టి, పూసను వెలుతురుకు పట్టుకుని, "చూశావా, ముందు వాళ్లు, తర్వాత మనం" అని చెప్పాడు. ఎంతమంది వచ్చినా ఆ మాట అంతే ఇష్టంగా, తొలిసారి చెబుతున్నట్టే. మా మనవరాలు సీసా పట్టుకుని పక్కన నుంచుంది. మా అమ్మాయి ఫోటో తీసింది. ఆ ఫోటోను నేను జగ్గయ్యపేటలో మా కొట్టు గల్లాపెట్టె పైన గోడకు, బట్టల కొట్టాయన కంటికి ఎదురుగా, రెండు మేకులు దండగైనా సరే అని కొట్టించాను.

బారు సగమయ్యేసరికి సైన్సు మాస్టారు వచ్చాడు. మెడలో కార్డు ఊగుతోంది, చేతిలో మార్కుల కాగితం. మొహమాటంగా పిల్లల పక్కనుంచి ముందుకొచ్చి, "తాతగారూ, నేనూ ఒకసారి చూడొచ్చా?" అన్నాడు.

సాయిబు గారు తలెత్తి ఆయన వంక చూశాడు. కోపం లేదు, వెటకారం లేదు. పెళ్లింట పెద్దమనిషిలా నవ్వాడు.

"రండి సార్, తప్పకుండా. ఆ రెండు జడల పాప వెనకాల నుంచోండి. కోట్ల ఏళ్లాగింది, మీ వంతు వచ్చేదాకా ఆగుతుంది."